పాడైన స్టెతస్కోపు

3 సెప్టెంబరు 1974

ఈ డైరీ లాజరు ఇచ్చింది. లాజరు నా బావమరిది, బెజవాడలో ఒక నర్సింగు హోములో కాంపౌండరు. మందుల కంపెనీ వాళ్లు పంచిపెడితే, తనకు రాసుకోడానికేమీ లేక జనవరిలో తెచ్చి నా మొహాన కొట్టాడు. ప్రతి పేజీ అడుగునా ఒక టానిక్కు ప్రకటన. ఈ పేజీలోది ఆకలి పుట్టిస్తుందట. ఎనిమిది నెలలు బీరువా మీద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. నేను చెప్పేది వినిపించుకునే మనిషి కంకిపాడు హైస్కూల్లో గాని, పటమటలో ఈ మేడ మీది వాటాలో గాని ఒక్కరూ లేరు. కాగితమైతే వింటుంది, ఎదురు చెప్పదు.

ఇవాళ హెడ్మాస్టరు రామకోటేశ్వరరావు గారు నా పదో తరగతిలోకొచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆయన చెప్పేది సోషలు. నేను గుండె మొదలుపెట్టాను. పావుగంట ఓర్చుకుని ఇక ఉండబట్టలేక లేచారు. "ఏం లేదర్రా! మన బ్యారేజీ గుండె అనుకోండి. బందరు కాలవా ఏలూరు కాలవా రక్తనాళాలు అనుకోండి. అంతే!" అని తేల్చేసి చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

అంతేనట. బందరు కాలవలోకి వదిలిన నీళ్లు మళ్లీ బ్యారేజీకి వస్తాయా? పొలాలకు పోగా మిగిలింది సముద్రం పాలవుతుంది. రక్తం అలా కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు పోతుంది, గాలి పీల్చుకుని ఎడమవైపుకి వస్తుంది, అక్కణ్ణించి ఒళ్లంతా తిరిగి మళ్లీ కుడివైపుకే చేరుతుంది. నాలుగు గదులు, నాలుగు కవాటాలు. ఒక్కో కవాటం ఒక్కవైపుకే తెరుచుకునే తలుపు. నిమిషానికి డెబ్బై రెండుసార్లు, పుట్టింది మొదలు చచ్చేదాకా. దీన్ని తీసుకెళ్లి ఇరిగేషను డిపార్టుమెంటుతో పోలుస్తాడా మనిషి?

ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఈ జిల్లాలో గుండె పాఠం ఆమోసు మాస్టారి దగ్గరే వినాలని ఒక ఇన్‌స్పెక్టరు రిపోర్టులో రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

5 సెప్టెంబరు

మా మేడకి పద్దెనిమిది మెట్లు. బావి కింద. బిందెతో పైకొచ్చేసరికి నా భార్య దానమ్మ నాలుగుచోట్ల ఆగుతోంది. ఇవాళ వరండాలో నిలబడి చూశాను. ఏడో మెట్టు మీద బిందె దించి గోడకు ఆనుకుని నోటితో గాలి పీలుస్తోంది. ముప్ఫై ఆరేళ్ల మనిషి! మా అమ్మ అరవయ్యో ఏట వరి మోపు నెత్తిన పెట్టుకుని కాలవ గట్టున పరిగెత్తేది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు సీతారావమ్మ గారు చూసి తన పనిమనిషి చేత బిందె పైకి పంపించింది. ఇలాంటివాళ్లే ఆడవాళ్లను పాడుచేసేది. ఒళ్లు వంచకపోతే ఆయాసం రాక ఏమొస్తుంది?

8 సెప్టెంబరు, ఆదివారం

దానమ్మ ఈ మధ్య బుగ్గలకేదో పూస్తోంది. చర్చిలో పక్కన కూర్చుంటే నాకే సిగ్గేసింది. రెండు బుగ్గలూ గులాబీ రంగు. ఇంటికొచ్చాక అడిగాను.

"నేనేం పూయలేదండీ."

"అబద్ధం. అదీ ఆదివారం పూట."

"ఒట్టండీ, సబ్బు తప్ప ఏమీ లేదు."

తడిగుడ్డ తెచ్చి నేనే తుడిచాను. నవ్వుతూ మొహం చాపి కూర్చుంది, గట్టిగా రుద్దినా రంగు పోలేదు. మంచి రకమే కొన్నట్టుంది.

11 సెప్టెంబరు

క్లాసులో గుండె చప్పుడు వినిపించాలని లాజరు దగ్గర ఒక పాత స్టెతస్కోపు అడిగి తెచ్చాను. క్లాసులో అభాసుపాలు కాకూడదు గదా అని ముందు ఇంట్లో పరీక్షించాను. దానమ్మను కూర్చోబెట్టి పెట్టి చూశాను. లబ్ డబ్ అని రావాలి. రాలేదు. మొదటి చప్పుడు ఠపీమని తలుపేసినట్టు, ఆ తరువాత బండరాయి మీద చక్రం దొర్లినట్టు ఒకటే గరగర. జరిపి చూశాను, గొట్టం దులిపి చూశాను. అదే గరగర.

"ఏం వినపడుతోందండీ?" అంది.

"మీ తమ్ముడి పనికిమాలిన సామాను వినపడుతోంది" అన్నాను.

పనికొచ్చేది నాకెందుకిస్తాడు? పారేసేదే ఇచ్చి ఉంటాడు.

12 సెప్టెంబరు

స్టెతస్కోపు క్లాసులో బాగానే పనిచేసింది. నలభై మంది పిల్లలూ ఒకరిది ఒకరు విన్నారు. లబ్ డబ్, లబ్ డబ్, గడియారంలా. దారిలో బస్సు కుదుపులకు సర్దుకున్నట్టుంది.

14 సెప్టెంబరు

మేక గుండె రోజు. ఏటా ఈ పాఠానికి ముందురోజే పటమట మాంసం కొట్టులో చెప్పి ఉంచుతాను, గాటు పెట్టకుండా గుండె తీసిపెడతాడు. క్లాసులో బల్ల మీద అరిటాకు పరిచి బ్లేడుతో నిలువునా తెరిచి చూపిస్తాను. కుడి గది గోడ పల్చన, ఎడమ గది గోడ మందం. ఎందుకు? కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపాలి, ఎడమది ఒళ్లంతటికీ పంపాలి. ఆ తరువాత నా పేటెంటు ప్రశ్న వేస్తాను. మంచి రక్తం మోసే సిర ఏది? ఇరవై రెండేళ్లలో మొదటిసారే సరిగ్గా చెప్పినవాళ్లు ముగ్గురు. పుపుస సిర అని ఇప్పటికీ మా స్టాఫు రూములో ఎవడికీ తెలియదు.

పాఠం అయ్యాక గుండెను అదే ఆకులో చుట్టి ఇంటికి తెస్తాను. దానమ్మ మిరియాలు దంచి వేసి వేపుడు చేస్తుంది. పెళ్లయిన దగ్గర్నించీ పదహారేళ్లుగా మా ఇంటి ఆచారం. ఇవాళ ఎంతసేపటికీ పొయ్యి మీద చప్పుడు లేదు. వెళ్లి చూస్తే తూము దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, గుండెలో వేలు పెట్టి ఉంది.

"ఇందులోంచి నా వేలు సులువుగా పోతోందండీ" అంది.

"అది ఎడమ పైగదికీ కిందిగదికీ మధ్య తలుపు. రక్తం పోయే దారి. వేలు పెట్టేది కాదు."

"ఈ తలుపు సగమే తెరుచుకుంటే ఏమైద్దండీ?"

"తెరుచుకుంటుంది. దేవుడు చేసిన తలుపు. సీతారావమ్మ గారి వీధి తలుపు కాదు."

"తెరుచుకోకపోతే?"

"అది సిలబస్‌లో లేదు" అన్నాను. ఆరో తరగతి ఆపేసిన మనిషి నన్ను ప్రశ్నలు అడుగుతోంది! వేపుడు మాడింది.

22 సెప్టెంబరు

స్టెతస్కోపు కోసం లాజరు వచ్చాడు. పారేసుకునే సామాను జనానికి ఇవ్వకురా అన్నాను.

"అది బాగానే ఉందే బావా. దేంట్లో తేడా వచ్చింది?"

"ఒకచోట గరగరమంది."

"ఎవరికి పెట్టినప్పుడు?"

"గుర్తులేదు" అన్నాను. ఒక కాంపౌండరుకి లెక్కలు అప్పజెప్పాల్సిన పని నాకేముంది?

పోనీ కాఫీ తాగి పోతాడా అంటే, లేదు. అక్కను పెద్ద డాక్టరుకి చూపిద్దామట. చిన్నప్పుడు కూచిపూడి పక్కన వాళ్ల ఊళ్లో దానమ్మ మోకాళ్లు వాచి నెల్లాళ్లు జ్వరంతో మంచం పట్టిందట.

"మోకాళ్లకీ ఆయాసానికీ ఏమిట్రా సంబంధం?"

"డాక్టరుగారు ఎవరికో చెబుతుంటే విన్నా బావా. ఆ జొరం గుండెకి పాకుద్దంట."

విన్నాడట. రోజూ వినీ వినీ డాక్టరయిపోయినట్టున్నాడు. అంతటితో ఊరుకున్నాడా, "అరవై రెండులో మిషను ఆసుపత్రిలో ఆ దొరసాని నర్సు కూడా" అని ఎత్తబోయాడు. ఆపమని చెయ్యి చూపించాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎత్తకూడదని వాడికి తెలుసు.

2 అక్టోబరు

దానమ్మ మూడో తలగడ కుట్టించుకుంది. ఇంట్లో నాకొకటి, ఆవిడకు మూడు. వెల్లకిలా పడుకుంటే దగ్గొస్తోందట, ఆనుకుని కూర్చుని నిద్రపోతోంది. జమీందారిణి ఫోటో దిగినట్టు. నా మంచం వరండాలోకి మార్చుకున్నాను. పొద్దున్నే బస్సెక్కాల్సిన మనిషిని.

9 అక్టోబరు

నవంబరులో బందరులో జిల్లా సైన్సు ఎగ్జిబిషను. మా హెడ్మాస్టరు బ్యారేజీ నమూనా చెయ్యమన్నారు. అట్టముక్కలతో బ్యారేజీ! నేను గుండె చేస్తానన్నాను. బొమ్మ కాదు, నడిచే గుండె. బల్ల మీద రక్తం తిరగాలి, చూసినవాళ్ల నోళ్లు తెరుచుకుని ఉండిపోవాలి.

20 అక్టోబరు

రిక్షా హారన్ల రబ్బరు బుడ్లు రెండు. ఒకటి కుడి జఠరిక, ఒకటి ఎడమ జఠరిక. ఊపిరితిత్తులకు రెండు హార్లిక్సు సీసాలు. సెలైను గొట్టాలు లాజరు తెచ్చాడు, ఆ మాత్రానికైనా పనికొచ్చాడు. కవాటాలకు సైకిలు ట్యూబు ముక్కలు రెక్కల్లా కత్తిరించి సొల్యూషనుతో అంటించాను. నీళ్లలో ఎర్ర సిరా. బుడ్డి నొక్కితే ముందుకే పోవాలి, వదిలితే వెనకనుంచి నిండాలి.

ఇంతకన్నా మంచిది ఈ జిల్లాలో చెయ్యగలిగినవాడిని చూపించమనండి.

10 నవంబరు

నేను రాసుకుంటూ కూర్చుని దానమ్మను బుడ్లు నొక్కమన్నాను. కూర్చుని చేసే పనే గదా. ఇరవైసార్లు నొక్కి ఆగింది.

"ఈ ఎడం బుడ్డి సరిగ్గా నిండట్లేదండీ."

"నువ్వు సరిగ్గా వదలడం లేదు."

"కాదండీ. దీని వెనకున్న తలుపు అంటుకుంది. అందుకే సీసాల్లో నీళ్లు పైకొస్తున్నాయి. చూడండి, నిన్న సగానికి ఉండేయి."

"నీకెట్లా తెలుసు?"

"చేతికి తెలుస్తోందండీ."

చేతికి తెలుస్తుందట! సొల్యూషను ఎండకు కాస్త సాగి ఉంటుంది, ఆరితే అదే సర్దుకుంటుంది అన్నాను. కొంగుతో బల్ల మీద నీళ్లు తుడిచి, మధ్యలో దగ్గు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

17 నవంబరు

దానమ్మ చర్చికి రాలేదు. మెట్లు దిగగలను గాని ఎక్కలేనండీ అంది. దిగడం వచ్చినవాళ్లకి ఎక్కడం ఎందుకు రాదో! ఒక్కణ్ణే వెళ్లాను. అందరూ ఆవిడ గురించే అడిగారు. నేను బతికి ఉన్నానో లేదో ఒక్కరూ అడగలేదు.

23 నవంబరు, రాత్రి, బందరు నుంచి వచ్చాక

రాయాలి. రాస్తేగాని నిద్ర రాదు.

జడ్జీ ఎవరో తెలుసా? బందరులో ఒక లేడీ డాక్టరు. పద్మావతమ్మ గారు. యాభై ఏళ్లుంటాయి, తెల్లచీర, చేతిలో గొడుగు. గుండె నమూనా చూడ్డానికి ఆడవాళ్లకు పురుళ్లు పోసే మనిషి! నా బల్ల దగ్గరికి రాగానే, నాకున్న బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆవిడకే పరీక్ష పెట్టాను.

"మంచి రక్తం మోసే సిర ఏదో చెప్పండి డాక్టరుగారూ?"

ఆవిడ నవ్వి, "పుపుస సిర. మేష్టారూ, ముందు నడిపించండి చూద్దాం" అంది.

నొక్కాను. రెండు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. జనం మూగారు. అంతలో ఎడమ బుడ్డి చప్పబడింది. నొక్కితే గాలి నొక్కినట్టే ఉంది. సీసాల్లో నీళ్లు మూతలదాకా వచ్చాయి, మూతలు తోసుకుని బుడగలు బుడగలుగా పైకి పొంగాయి. ఎర్ర సిరా బల్ల మీదినుంచి డాక్టరుగారి తెల్లచీర మీదికి కారింది. వెనక ఎవడో పకపక నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి.

ఆవిడ చీర కూడా దులుపుకోలేదు. వంగి చూసి, పెన్ను మొనతో ఆ రబ్బరు రెక్కలను తాకింది.

"ఇదిగో, ఈ తలుపు అంటుకుపోయింది. పాడైందని బాధపడకండి మేష్టారూ, నాకైతే ఇదే బాగా నచ్చింది. మనుషులకూ ఇంతే. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వస్తే ఈ తలుపు రెక్కలే అంటుకుంటాయి. రక్తం ముందుకు పోలేక వెనకున్న ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. మన డెల్టాలో ఆడపిల్లలకి ఎంతమందికో ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు."

"ఎలా తెలుస్తుందండీ?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి గదా అని.

"ఇంట్లోవాళ్లు చూస్తే తెలుస్తుంది. మెట్లెక్కలేరు. బుగ్గలు గులాబీ రంగుగా ఉంటాయి, చూసినవాళ్లు మంచి రంగు అనుకుంటారు. తలగడల మీద తలగడలు వేసుకుని కూర్చుని నిద్రపోతారు. స్టెతస్కోపు పెడితే డబ్ తరువాత గరగరమని చప్పుడు. అది ఒకసారి విన్నవాళ్లు మర్చిపోలేరు."

ప్రైజు వేరే ఊరి స్కూలుకి వచ్చింది. అట్టముక్కలతో చేసిన బ్యారేజీకి.

24 నవంబరు

మూడు తలగడలు.

24 నవంబరు, మధ్యాహ్నం

చర్చికి వెళ్లలేదు. దానమ్మ అన్నం వడ్డిస్తుంటే చూస్తూ కూర్చున్నాను. "ఏంటండీ అట్టా చూస్తున్నారు?" అంది. బుగ్గలు. తడిగుడ్డ తెచ్చి రుద్దినవాణ్ణి నేను. పీచుతో రుద్దలేదు, సంతోషించాలి.

25 నవంబరు

స్కూలుకు పోకుండా లాజరు పనిచేసే నర్సింగు హోముకి వెళ్లాను. మందుల కిటికీలోంచి నన్ను చూసి వాడి మొహం పాలిపోయింది.

"అక్కకేమైంది బావా?"

"ఏమీ కాలేదు. ఆ స్టెతస్కోపు ఇయ్యి."

వాడు కిటికీలోంచి అందించాడు. అప్పుడు చెప్పాను. సెప్టెంబరు పదకొండున గరగర విన్నది ఎవరి దగ్గరో చెప్పాను.

"తెలుసు బావా" అన్నాడు. "నువ్వు గుర్తులేదన్నప్పుడే తెలుసు. ఎవరో పిల్లకాయల దగ్గరైతే పేరూ ఊరూ అన్నీ చెప్పేవాడివి."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే విన్నావా ఎప్పుడైనా?"

ఇరవై రెండేళ్లు నేను చెబితే జనం వినరని ఏడ్చాను. ఈ డైరీ మొదటి పేజీలో కూడా అదే ఏడుపు.

ఇంటికొచ్చి మళ్లీ పెట్టి చూశాను. ముందు నాకు నేనే పెట్టుకున్నాను, స్టెతస్కోపు బాగుందని రూఢి చేసుకోడానికి. లబ్ డబ్. ఆ తరువాత దానమ్మకు. ఠపీమని ఒక చప్పుడు. ఆ తరువాత అదే గరగర. ఇరుకు సందులోంచి నీళ్లు తోసుకుపోతున్న చప్పుడు. తలుపు సగమే తెరుచుకుంటే ఏమవుతుందని అడిగిన మనిషికి, ఆ అడిగేనాటికే, ఆ తలుపు చప్పుడు నేను వినేసి ఉన్నాను. విని మూడు రోజులే అయింది అప్పటికి. సిలబస్‌లో లేదన్నాను.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం నువ్వు?" అని అరిచాను. నిజంగా అరిచాను. సీతారావమ్మ గారు కింద గుమ్మంలోకి వచ్చింది.

దానమ్మ బెదరలేదు. "ఏం చెప్పాలండీ? అందరికీ ఇట్టాగే ఉంటదనుకున్నా. మెట్లెక్కితే అందరికీ గుండె ఇట్టాగే గోలచేస్తదనుకున్నా. మీరు మగాళ్లు గదా, ఓర్చుకుంటున్నారనుకున్నా" అంది.

26 నవంబరు

అరవై రెండు సంగతి రాస్తాను. ఎవరూ చదవరు గదా.

ఆడపిల్ల. ఎనిమిదో నెల. ప్రాణంతో పుట్టలేదు. దానమ్మ కూడా దక్కుతుందా లేదా అని రెండు రోజులు. మూడో రోజు ఆ దొరసాని నర్సు నన్ను వరండాలోకి పిలిచి తనకొచ్చిన తెలుగులో అంది: "మీ భార్య గుండె శబ్దం మంచిది కాదు. పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మరచిపోకండి." నాకు మండుకొచ్చింది. బిడ్డను బతికించలేక నా భార్య గుండెకు వంక పెడుతోంది అనుకున్నాను. పైగా గుండె గురించి నాకు చెప్పడమేమిటి, గుండె మాస్టారికి? "ఐ టీచ్ ది హార్ట్" అన్నాను. ఇంగ్లీషులో. ఆవిడ వార్డులోకి వెళ్లిపోయింది.

పన్నెండేళ్లు.

27 నవంబరు

వెధవ.

29 నవంబరు

దానమ్మను తీసుకుని బందరు వెళ్లి పద్మావతమ్మ గారిని కలిశాను. సిరా మరకల చీర గుర్తుపెట్టుకుని ముందు క్షమాపణ చెప్పాను. చీర సంగతి వదిలేసి దానమ్మను చూసింది. ఆలస్యమైంది గాని చెయ్యి దాటిపోలేదంది. వేలూరు పెద్ద ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. అక్కడ ఆపరేషను చేస్తారట.

"ఎడమ పైగదిలో చిన్న గాటు పెట్టి లోపలికి వేలు పంపిస్తారు. అంటుకున్న రెక్కలను వేలితో విడదీస్తారు. గుండె కొట్టుకుంటూ ఉండగానే" అని చూపుడువేలు చూపించింది.

నేను దానమ్మ వైపు చూశాను. ఆవిడ తన వేలు చూసుకుంటోంది.

"ఎంత ప్రమాదం?" అన్నాను.

"చేయించకపోతే వచ్చే ఎండాకాలం గడవదు. చేయిస్తే వందలో తొంభైమంది లేచి నడుస్తారు."

మిగతా పదిమంది సంగతి అడగలేదు.

2 డిసెంబరు

సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్లాను. రామకోటేశ్వరరావు గారు చీటీ చదివి, కళ్లజోడు తీసి, "వెళ్లండి ఆమోసు గారూ, మీ క్లాసులు నేను చూసుకుంటాను" అన్నారు. అన్నారా, ఊరుకున్నారా? "అంతేగా మేష్టారూ, కాలవ లాకు తలుపు ఇరుక్కుంటే పైన పొలాలు మునుగుతాయి. తలుపు ఎత్తిస్తే నీళ్లు దిగిపోతాయి. భయపడకండి" అన్నారు.

కాదనడానికి నోరు తెరిచాను. తప్పేమీ కనపడలేదు. లోకంలో ఇంతకన్నా అవమానం లేదు.

9 డిసెంబరు, వేలూరు

మద్రాసు మీదుగా వచ్చాం. లాజరు కూడా వచ్చాడు, రావద్దన్నా. కాట్పాడి స్టేషనులో వంతెన మెట్లు చూసి దానమ్మ ఆగిపోయింది. లాజరూ నేనూ చేతులు కుర్చీలా కట్టి ఎక్కించాం. "అందరూ చూస్తున్నారండీ" అంది. చూడనియ్యి అన్నాను. ఎత్తితే ఏమీ బరువు లేదు. ఈ మనిషి చేతనా పదహారేళ్లు బిందెలు మోయించింది?

14 డిసెంబరు

పరీక్షలు. పరీక్షలు. అరవంలో అడుగుతారు, నాకు అర్థం కాదు. ఇంగ్లీషులో నేనూ సైన్సు టీచరునని చెప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

17 డిసెంబరు

పొద్దున ఏడింటికి తీసుకెళ్లారు. స్ట్రెచరు మీద పడుకోబెట్టబోతే ఆయాసంతో పడుకోలేక కూర్చునే వెళ్లింది. తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఆ వేలు పెట్టే డాక్టరుగారికి లావు వేళ్లా, సన్నవా, చూశారా?"

"చూడలేదు."

"చూసి రావాల్సింది" అంది, తప్పు చేసిన పిల్లాణ్ణి అన్నట్టు. తలుపు మూసుకుంది.

నాకు ప్రార్థన రాలేదు. నోటికి వచ్చింది పాఠమొక్కటే. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిర, ఎడమ కర్ణిక. అక్కడికి రాగానే ఆగిపోయేది. ఆ తలుపు దాటి ముందుకు వెళ్లలేకపోయాను. మళ్లీ మొదటినుంచి. లాజరు పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు, వాడిది సరైన ప్రార్థన.

పదకొండున్నరకు ఒక డాక్టరు బయటికొచ్చి లాజరు భుజం తట్టాడు.

18 డిసెంబరు

బతికింది.

25 డిసెంబరు

వార్డులో కాగితం నక్షత్రాలు కట్టారు. దానమ్మ ఒక్క తలగడ మీద పడుకుని ఉంది. మిగతా రెండూ తీసేయమంది. వెల్లకిలా పడుకుని కప్పు చూస్తోంది. "ఎన్నాళ్లయిందో ఇట్టా పడుకుని" అంది. బుగ్గల రంగు తగ్గింది. నేను నవ్వుతుంటే ఎందుకని అడిగింది. తడిగుడ్డ సంగతి ఎత్తాను. "గట్టిగా రుద్దారు, మంట పుట్టింది" అంది.

29 డిసెంబరు, ఆదివారం

ఈ పేజీ అడుగున ప్రకటన రక్తపుష్టికి. మూడు రోజుల్లో ఈ డైరీ అయిపోతుంది. ఇవాళ్టిది రాసి మూసేస్తాను.

మధ్యాహ్నం దానమ్మను వరండాలో నడిపించారు. ఆ చివరిదాకా వెళ్లి వచ్చింది, ఎక్కడా ఆగలేదు. మంచం మీద కూర్చున్నాక లాజరును స్టెతస్కోపు అడిగాను. మెడలోంచి తీసిచ్చాడు. దానమ్మకు పెట్టి విన్నాను. లబ్ డబ్. వెనకాల చిన్న గుసగుస, అది కొంత మిగులుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. చాలాసేపు విన్నాను. చెవుల్లోంచి తీయబుద్ధి కాలేదు.

"నన్నూ విననివ్వండి" అంది.

తనది తనకు పెట్టబోయాను. కాదు, మీది అంది. సెప్టెంబరులో తెచ్చినప్పుడు స్టెతస్కోపును ఒక్కసారి కూడా ముట్టనివ్వలేదు ఆమెను. చొక్కా గుండీ తీసి, ఎక్కడ పెట్టాలో చూపించబోయాను. నా చెయ్యి పక్కకు తోసి తనే పెట్టింది, సరిగ్గా పెట్టాల్సిన చోటే. కళ్లు మూసుకుని వింది. మొహంలో ఏదో ఆశ్చర్యం.

"ఇంత నిమ్మళంగా ఉంటదా అండీ?"

"అంతే. అందరికీ అంతే."

"పెళ్లయినకాణ్ణించీ మీకిట్టాగే ఉందా?"

"ఆ."

కళ్లు తెరిచి నావైపు చూసింది.

"మరి చెప్పలేదేం నాకు?" అంది.